నైలుకు నీళ్లిచ్చే ఇథియోపియాలో కరువెందుకు?

సంక్షిప్తంగా

నైలు నది ఈజిప్టుకు చేర్చే నీటిలో సుమారు 85 శాతం ఇథియోపియా కొండల మీద కురిసిన వానే. అదే దేశం 1973లో, 1984లో, మళ్లీ 2015లో తిండి కోసం బయటి సాయం మీద ఆధారపడింది. ఈ రెండు సంగతులకూ మూలం ఒకటే: దేశం ఉన్న ఎత్తు. చల్లదనం కోసం జనం పీఠభూమి మీదికి చేరారు. వాన కూడా అక్కడే కురుస్తుంది. కానీ అందులో ఎక్కువ భాగం మూడు నాలుగు నెలల్లో కురిసి, నిటారు లోయల్లోంచి సరిహద్దు దాటి వెళ్లిపోతుంది. సుమారు 13 కోట్లకు చేరిన జనాభా, చిన్నవైపోతున్న కమతాలు, కొండల మీదికి ఎగబాకుతున్న వేడి ఈ చిక్కును మరింత బిగిస్తున్నాయి.

అక్షాంశం ఒకటి చెబుతుంది, ఎత్తు ఇంకొకటి

పటంలో ఇథియోపియా సుమారు 3 నుంచి 15 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య ఉంది. తెలుగు రాష్ట్రాలు రమారమి 12.5 నుంచి 20 డిగ్రీల మధ్య ఉన్నాయి. అంటే భూమధ్యరేఖకు మనకన్నా ఇథియోపియాయే దగ్గర. ఆ లెక్కన అక్కడ ఎండలు మనకన్నా తీవ్రంగా ఉండాలి. రాజధాని అడిస్ అబాబాలో మాత్రం ఏడాది సగటు ఉష్ణోగ్రత 16 డిగ్రీల దగ్గరే ఉంటుంది. ఊరు సముద్రమట్టానికి సుమారు 2,350 మీటర్ల ఎత్తున ఉండటమే కారణం. తూర్పు కనుమల్లోని అతి ఎత్తైన శిఖరాలు కూడా 1,700 మీటర్లకు లోపే. ఊటీ 2,240 మీటర్లు. లక్షల జనమున్న ఒక మహానగరం ఊటీకన్నా ఎత్తున ఉందంటే అక్కడి బతుకు ఎలా ఉంటుందో కొంత ఊహించవచ్చు. నీరు 92 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి పప్పు ఉడకడానికి ఎక్కువసేపు పడుతుంది. గాలి పలుచన కావడంతో విమానాలు నిండు బరువుతో పైకి లేవలేవు. అందుకే అక్కడి నుంచి అమెరికా వెళ్లే విమానాలు దారిలో ఒకచోట దిగి ఇంధనం నింపుకుని వెళ్తుంటాయి.

ప్రతి 100 మీటర్ల ఎత్తుకు సగటున 0.65 డిగ్రీల వేడి తగ్గుతుంది. 500 మీటర్ల ఎత్తున ఉన్న పడమటి పల్లపు ప్రాంతం గంబెలా నుంచి అడిస్‌కు వెళ్తే, కేవలం ఎత్తు వల్లనే 12 డిగ్రీలు తగ్గుతుందన్నమాట. రెండింటి మధ్య అక్షాంశంలో తేడా దాదాపు లేదు.

దేశ విస్తీర్ణం సుమారు 11 లక్షల చదరపు కిలోమీటర్లు. రెండు తెలుగు రాష్ట్రాలను కలిపితే వచ్చేదానికి నాలుగింతలు. ఉత్తరాన సిమియెన్ పర్వతాల్లోని రాస్ దెజెన్ శిఖరం 4,500 మీటర్లు దాటుతుంది. అక్కడికి తూర్పున కొన్ని వందల కిలోమీటర్ల దూరంలోని డనాకిల్ పల్లం సముద్రమట్టానికి 100 మీటర్లకు పైగా దిగువన ఉంటుంది. 1960లలో ఆ పల్లంలోని డల్లోల్‌లో నమోదైన ఏడాది సగటు 34 డిగ్రీలు దాటింది. జనం నివసించిన చోట్ల ప్రపంచంలో అంత సగటు మరెక్కడా నమోదు కాలేదు.

అందుకే ఇథియోపియా రైతులు తరతరాలుగా నేలను ఎత్తును బట్టే పిలుస్తున్నారు. 500 మీటర్ల లోపు బెరెహా, అంటే ఎడారి. 1,500 దాకా కొల్లా: జొన్న, నువ్వులు, పశువులు. 1,500 నుంచి సుమారు 2,300 దాకా వైనా దెగా: టెఫ్ అనే సన్న గింజల ధాన్యం, మొక్కజొన్న, కాఫీ. ఆపైన 3,200 దాకా దెగా: బార్లీ, గోధుమ, బాకలా చిక్కుడు. ఇంకా పైన వుర్చ్. అక్కడ కొంత బార్లీ, గడ్డి, గొర్రెలు, రాత్రిపూట మంచుపొర. ఒక గ్రామం ఏ మండలంలో ఉందో తెలిస్తే అక్కడి పంట, జబ్బు, ఇంటి కట్టుబడి చాలావరకు చెప్పేయవచ్చు.

జనాభాలో 80 శాతానికి పైగా 1,500 మీటర్లకు ఎగువనే ఉన్నారు. ఆ నేల దేశంలో సగం కూడా లేదు. చల్లదనం ఒక్కటే ఇందుకు కారణం కాదు. 2,000 మీటర్లు దాటితే మలేరియా దోమ సంఖ్య బాగా తగ్గుతుంది. పడమటి పల్లాల్లో ట్సెట్సీ ఈగ పశువులకు ప్రాణాంతకమైన జబ్బు తెస్తుంది. ఎద్దులు లేకపోతే నాగలి లేదు, నాగలి లేకపోతే ధాన్యపు సేద్యం లేదు. పైన అగ్నిపర్వత శిల అరిగి ఏర్పడిన సారవంతమైన నేల ఉంది. ఈ మూడూ కలిసి జనాన్ని శతాబ్దాలుగా కొండల మీదే ఉంచాయి.

భూమి చీలిన చోటు

ఈ పీఠభూమి సుమారు 3 కోట్ల ఏళ్ల కిందట పొంగిన లావా పొరల మీద లేచింది. తర్వాత భూఫలకాలు విడిపోవడంతో నడిమధ్య చీలింది. ఆ చీలికే రిఫ్ట్ లోయ. జ్వాయ్, లాంగానో, షాలా, అబాయా, చామో సరస్సులు అందులో వరసగా ఉంటాయి. ఈశాన్యాన అఫార్‌లో చీలిక ఇంకా సాగుతోంది. 2005 సెప్టెంబరులో అక్కడ 60 కిలోమీటర్ల పొడవున నేల కొన్ని రోజుల్లోనే విడిపోయింది. 2025 నవంబర్ 23న అదే ప్రాంతంలోని హైలీ గుబ్బి అగ్నిపర్వతం పేలి, బూడిద ఎర్ర సముద్రం, అరేబియా సముద్రం మీదుగా ఉత్తర భారతం దాకా వచ్చింది. ఢిల్లీలో విమాన ప్రయాణాలకు ఆటంకం కలిగింది. చరిత్రలో పేలిన ఆనవాలు లేని పర్వతం అలా వార్తల్లోకెక్కింది.

ఒకే దేశం, రెండు వానల పద్ధతులు

‘ఇథియోపియాలో వాన పడలేదు’ అన్న వార్తతో అర్థమయ్యేది తక్కువ. ఏ ఇథియోపియాలో, ఏ కాలంలో అన్నది అడగాలి.

ఉత్తర, మధ్య పీఠభూమికి ప్రధాన వానకాలం కిరెమ్త్. జూన్ నుంచి సెప్టెంబరు దాకా సాగుతుంది. దానికి ముందు ఫిబ్రవరి నుంచి మే దాకా బెల్గ్ అనే చిరు వానలు. అక్టోబరు నుంచి జనవరి దాకా బెగా, పొడి కాలం. ఇథియోపియా కొత్త సంవత్సరం సెప్టెంబరు 11న, కిరెమ్త్ ముగిసి కొండలు పసుపు పూలు తొడిగే వేళ వస్తుంది. క్యాలెండర్ కూడా వాననే పట్టుకుని నడుస్తుందన్నమాట.

కిరెమ్త్‌కూ మన నైరుతి రుతుపవనానికీ చుట్టరికం ఉంది. జూన్ నుంచి సెప్టెంబరు మధ్య దక్షిణ భారతం మీద 12 నుంచి 15 కిలోమీటర్ల ఎత్తున తూర్పు నుంచి పడమరకు ఒక వేగమైన గాలి ప్రవాహం సాగుతుంది. అది ఆఫ్రికా దాకా పోతుంది. మన రుతుపవనం బలంగా ఉన్న ఏడు ఈ ప్రవాహమూ బలపడి, ఇథియోపియా కొండల మీద గాలి పైకి లేవడానికి సాయపడుతుంది. పసిఫిక్ సముద్రజలం మామూలుకన్నా వేడెక్కే ఎల్ నినో ఏట రెండూ బలహీనపడతాయి. 2015లో భారత నైరుతి వర్షపాతం 14 శాతం తగ్గింది. అదే ఏడు ఇథియోపియాలో కోటి మందికి పైగా ఆహార సాయం అవసరమైంది.

ఆగ్నేయాన సోమాలి, బొరెనా ప్రాంతాల పద్ధతి వేరు. అక్కడ జూలై, ఆగస్టు పొడిగా ఉంటాయి. వానలు రెండు దఫాలు: మార్చి నుంచి మే దాకా ఒకటి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇంకొకటి. సోమాలీలు వాటిని గూ, డెయిర్ అంటారు. ఎల్ నినో వస్తే ఇక్కడ డెయిర్ సాధారణంగా పెరుగుతుంది. పసిఫిక్ చల్లబడే లా నినా వస్తే తగ్గుతుంది. 2020 చివర నుంచి వరసగా ఐదు వానకాలాలు దెబ్బతిన్నది ఈ ప్రాంతంలోనే. కనుక ఉత్తరాన కరువు తెచ్చే ఏడు ఆగ్నేయాన వరద తేవచ్చు. ఒకే జాతీయ సగటు తీస్తే రెండూ కనబడకుండా పోతాయి.

నైరుతి కొండల్లో మాత్రం ఏడాదికి 2,000 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది. కాఫీ అడవులు ఉన్నది అక్కడే.

కొండ మీద పొలం, లోయలో నది

అసలు చిక్కు ఇక్కడుంది. టానా సరస్సు నుంచి బయల్దేరే అబాయ్ నదినే మనం నీలి నైలు అంటాం. సరిహద్దు దగ్గర దాని ఏడాది ప్రవాహం సుమారు 50 బిలియన్ ఘనపు మీటర్లు. మన లెక్కలో 1,750 టీఎంసీలకు పైమాటే. అందులో 80 శాతం దాకా జూలై నుంచి అక్టోబరు మధ్యే పారుతుంది. అంత నీరున్నా పొలానికి మళ్లించలేరు. నది 1,000 నుంచి 1,500 మీటర్ల లోతు కోసుకున్న లోయ అడుగున పారుతుంది. పొలాలు లోయ అంచు మీద ఉన్నాయి.

కాళేశ్వరం లెక్క తెలిసిన పాఠకుడికి ఇది వెంటనే అర్థమవుతుంది. మేడిగడ్డ దగ్గర 100 మీటర్ల మట్టం నుంచి కొండపోచమ్మ సాగర్‌లోని 618 మీటర్ల మట్టానికి దశలవారీగా ఎత్తితేనే కరెంటు బిల్లు పెద్ద చర్చ అయింది. అబాయ్ దగ్గర ఎత్తాల్సింది దానికి రెట్టింపు. ఒక టీఎంసీని 1,000 మీటర్లు ఎత్తడానికి, ఏ నష్టమూ లేదనుకున్నా, 7.7 కోట్ల యూనిట్ల విద్యుత్తు కావాలి. పంపుల నష్టాలు కలిపితే 10 కోట్లు దాటుతుంది. హెక్టారుకు కొన్ని క్వింటాళ్ల ధాన్యం తీసే రైతుకు ఈ నీటి ఖరీదు ఎప్పటికీ గిట్టదు.

నీటితోపాటు మట్టి కూడా పోతుంది. ఇందులో అక్కడి ప్రధాన ఆహార పంట టెఫ్ పాత్ర కూడా ఉంది. టెఫ్ గింజ మిల్లీమీటరు కూడా ఉండదు. అంత సన్న గింజ మొలవాలంటే నేల పిండిలా ఉండాలి. అందుకే మరెషా అనే కొయ్య నాగలితో నాలుగైదు సార్లు దున్నుతారు. విత్తే ముందు పశువులతో తొక్కించడమూ ఉంది. ఫలితంగా వానలు ఉద్ధృతంగా ఉండే జూలైలో, వాలు మీది నేల పచ్చదనం లేకుండా, మెత్తగా, కొట్టుకుపోవడానికి సిద్ధంగా ఉంటుంది. ఆ ఒండ్రు దిగువకు చేరి సూడాన్‌లోని రొసెయిరెస్ జలాశయాన్ని పూడ్చింది. దాని కట్టను 10 మీటర్లు పెంచాల్సి వచ్చింది. పూడిక వల్ల నాగార్జునసాగర్ నిల్వ 408 టీఎంసీల నుంచి 312కు పడిపోవడాన్ని చూసిన మనకు ఇది కొత్త కథేం కాదు.

ఆపే మార్గాలు లేకపోలేదు. దక్షిణాన కొన్సో ప్రజలు 400 ఏళ్లకు పైగా రాతి గట్లతో కొండవాలును మెట్లుగా మలిచి కాపాడుతున్నారు. 2011లో యునెస్కో ఆ నేలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. రాతి గట్టు బలమంతా నిర్వహణలో ఉంటుంది. ఒకచోట రాయి జారి మరమ్మతు చేయకపోతే నీరంతా ఆ గండిలోంచే దూకి, గట్టు లేనప్పటికన్నా ఎక్కువ నష్టం చేస్తుంది.

కొత్త ఆనకట్ట కరువు తీరుస్తుందా?

అబాయ్ నది మీద కట్టి 2025 సెప్టెంబరులో ప్రారంభించిన రినైసాన్స్ డ్యామ్ గురించి రెండు అపోహలు తిరుగుతున్నాయి. ఇథియోపియా కరువుకు అది మందు అన్నది ఒకటి. ఈజిప్టును ఎండబెడుతుందన్నది రెండోది. రెండూ అతిశయోక్తులే.

2011 ఏప్రిల్‌లో మొదలైన ఈ ఆనకట్ట ఎత్తు సుమారు 145 మీటర్లు, నిల్వ 74 బిలియన్ ఘనపు మీటర్లు. అంటే 2,610 టీఎంసీలు. నేటి నాగార్జునసాగర్‌కు ఎనిమిదింతలకు పైగా. నది ఏడాదిన్నర ప్రవాహమంతా అందులో పడుతుంది. కానీ అది ఉన్నది సూడాన్ సరిహద్దు పక్కన, పీఠభూమి దిగిపోయిన పల్లంలో. అక్కడ నిలిచిన నీరు పైనున్న అమ్హారా, టిగ్రాయ్ పొలాలకు రాదు. దాని పని విద్యుత్తు: సామర్థ్యం 5,000 మెగావాట్లకు పైగా. టర్బైన్ తిప్పిన నీరు దిగువకే పోతుంది. నింపేటప్పుడు, ఆవిరి రూపంలో తప్ప, నీటిని ఇది తినదు.

అయితే ఈజిప్టు భయానికి ఆధారం లేదనలేం. 1959లో ఈజిప్టు, సూడాన్ తమలో తాము నైలును పంచుకున్నాయి. ఈజిప్టులోని అస్వాన్ దగ్గర ఏటా సగటున 84 బిలియన్ ఘనపు మీటర్లు వస్తాయన్న లెక్కతో ఈజిప్టుకు 55.5, సూడాన్‌కు 18.5 అనుకున్నాయి, మిగతాది ఆవిరి నష్టం. నీరు పుట్టే ఇథియోపియాకు ఆ ఒప్పందంలో చోటే లేదు. కాబట్టి దాన్ని తాము పాటించనక్కర్లేదని ఇథియోపియా వాదన. 2020 నుంచి ఐదు వానకాలాల్లో జలాశయం నింపినప్పుడు వానలు అనుకూలించడంతో దిగువన పెద్ద నీటి కొరత రాలేదు. ముడి పడేది వరసగా మూడు నాలుగేళ్లు కరువొచ్చినప్పుడు. అప్పుడు నిల్వలోంచి ఎంత వదలాలో చెప్పే, మూడు దేశాలూ కట్టుబడిన ఒప్పందం లేదు. కృష్ణా జలాల పంపకానికి ట్రిబ్యునళ్లున్నా తగాదాలు తెగడం లేదు. ఇక్కడ ట్రిబ్యునల్ కూడా లేదు.

వాన తప్పడం నుంచి ఆకలి దాకా

వాన తగ్గినంత మాత్రాన కరువు రాదు. మధ్యలో చాలా మెట్లున్నాయి. బెల్గ్ వానలు పడితే రైతు ఏప్రిల్, మే నెలల్లో దీర్ఘకాలిక జొన్న, మొక్కజొన్న విత్తుతాడు. దిగుబడి ఎక్కువిచ్చేవి అవే. బెల్గ్ తప్పితే జూలై దాకా ఆగి, త్వరగా కోతకొచ్చే టెఫ్, ఆ తర్వాత శనగ వేసుకోవాలి. అంటే వాన చివరికి మామూలుగా కురిసినా, ఆలస్యం వల్లే దిగుబడి పడిపోతుంది. కిరెమ్త్ సెప్టెంబరు మొదట్లోనే ఆగిపోతే గింజ పాలు పోసుకోక తాలుగా మిగులుతుంది.

రెండో మెట్టు బజారు. ఈశాన్యాన వొల్లో ప్రాంతంలో వచ్చిన 1973 కరువును ఆర్థికవేత్త అమర్త్య సేన్ విశ్లేషించి, దేశం మొత్తం మీద ధాన్యం అంతగా తగ్గలేదని, కొనే శక్తి పోయినందుకే వొల్లో జనం చనిపోయారని చూపారు. పశుపాలకుల దగ్గర ఇది మరింత వేగంగా జరుగుతుంది. మేత ఎండగానే అందరూ ఒకేసారి పశువులను అమ్మకానికి తెస్తారు. పశువు ధర పడుతుంది, ధాన్యం ధర పెరుగుతుంది. నిరుడు ఒక ఆవుకు వచ్చిన ధాన్యంలో కొంత భాగమే ఈ ఏడు వస్తుంది.

మూడో మెట్టు రాజకీయం. 1984లో ఉత్తరాన యుద్ధం, 2020 నవంబరు నుంచి రెండేళ్లు టిగ్రాయ్ యుద్ధం దారులు మూసేశాయి. 2015 కరువు తీవ్రతలో తక్కువదేం కాకపోయినా 1984 నాటి మరణాలు పునరావృతం కాలేదు. అందుకు ఒక ముఖ్య కారణం, 2005లో మొదలైన భద్రతా వల పథకం. ఏటా సుమారు 70, 80 లక్షల మందికి గట్లు, చెరువు పనులు చేసినందుకు ధాన్యమో డబ్బో ఇస్తారు. మన ఉపాధి హామీ చట్టం వచ్చిందీ అదే ఏడాది.

13 కోట్లు, కానీ లెక్కించినది ఎప్పుడు?

ఆఫ్రికాలో నైజీరియా తర్వాత అత్యధిక జనాభా ఇథియోపియాది. సముద్రతీరం లేని దేశాల్లో ప్రపంచంలోనే మొదటిది. 1993లో ఎరిట్రియా విడిపోయాక తీరం పోయింది. వ్యాపారంలో అధిక భాగం జిబూటి రేవు మీదుగా, అడిస్ నుంచి సుమారు 750 కిలోమీటర్ల విద్యుత్ రైలు మార్గం, లారీల దారి ద్వారా సాగుతోంది. ఎరువు కూడా అలాగే రావాలి. అక్కడ ఆలస్యమైతే విత్తే కాలానికి యూరియా అందదు.

13 కోట్లన్నది అంచనా మాత్రమే. చివరి జనగణన 2007లో జరిగింది. అప్పుడు లెక్క 7.37 కోట్లు. 1994లో 5.35 కోట్లు. 2017లో జరగాల్సిన గణన మళ్లీ మళ్లీ వాయిదా పడింది. భద్రత, నిర్వాసితుల సమస్య పైకి చెప్పే కారణాలు. లోపలి కారణం, 1995 రాజ్యాంగం ప్రాంతాలను భాష, జాతి ప్రాతిపదికన ఏర్పరచడం. దేశంలో 80కి పైగా భాషలున్నాయి. ఏ జాతి ఎంత అన్నదాన్ని బట్టి నిధులూ పలుకుబడీ మారతాయి కాబట్టి, లెక్క అన్నదే తగాదాగా మారింది. ఈ లోపు 9 ప్రాంతాలు 12 అయ్యాయి. పాత లెక్కతో కొత్త ప్రాంతాలకు టీకాలు, బడులు, విత్తనాలు పంచడంలో తప్పులు తప్పవు.

జనాభా పెరుగుదల కూడా అంతటా ఒకేలా లేదు. 2016 ఆరోగ్య సర్వే ప్రకారం సగటున ఒక స్త్రీకి 4.6 మంది పిల్లలు. అడిస్ అబాబాలో 1.8, సోమాలి ప్రాంతంలో 7.2. అడిస్ సంఖ్య రమారమి తెలంగాణ స్థాయే. ఇంటి అద్దె, చదువు ఖర్చు, ఆడవాళ్ల ఉద్యోగం రెండుచోట్లా ఒకే పని చేశాయి. జననాలు రేపే తగ్గినా, జనాభాలో దాదాపు 40 శాతం 15 ఏళ్ల లోపు వాళ్లు కావడంతో మరో తరం దాకా పెరుగుదల ఆగదు.

ఆ తరానికి నేల ఎక్కడిది? భూమి యాజమాన్యం రాజ్యానిది. రైతుకు సాగు హక్కే ఉంటుంది, అమ్మే హక్కు లేదు. తండ్రి సాగు హక్కు కొడుకులు పంచుకుంటూ పోతే సగటు కమతం హెక్టారు లోపుకు వచ్చింది. దక్షిణాన సిడామా, గెడియో, వొలాయితాల్లో అర హెక్టారు ఉన్నా గొప్పే. అంత తక్కువ నేలలో అంత మందిని బతికిస్తున్నది ఎన్సెట్. చూడటానికి అరటిలా ఉంటుంది, పండు మాత్రం తినరు. నాలుగు నుంచి ఏడేళ్లు పెరిగాక కాండాన్ని గీరి, దుంపను తురిమి, ఆకులు పరిచిన గోతిలో వారాల నుంచి నెలల పాటు పులియబెట్టి, కోచో అనే రొట్టె చేస్తారు. సుమారు 2 కోట్ల మందికి ఇదే తిండి. వాన తప్పిన ఏడు కూడా చెట్టు నిలబడే ఉంటుంది కాబట్టి పెరడే ధాన్యపు కొట్టు. దీనికి పెద్ద శత్రువు బ్యాక్టీరియా వడలు తెగులు. తెగులు సోకిన చెట్టును కోసిన కత్తితోనే పక్క చెట్టును కోస్తే తోటంతా పోతుంది. కత్తిని నిప్పు మీద కాల్చడం, సోకిన చెట్టును పెకలించి పాతిపెట్టడం తప్ప నమ్మకమైన మందు లేదు.

పటాన్‌చెరు నాగలి, అరకు పూలు

పీఠభూమిలో నల్లరేగడి లక్షల హెక్టార్లలో ఉంది. జూలై, ఆగస్టుల్లో అది బురద మడుగవుతుంది. రైతు నీరు ఇంకేదాకా ఆగి, సెప్టెంబరులో మిగిలిన పదునుతో శనగో టెఫ్పో వేస్తాడు. మంచి వానలన్నీ ఖాళీ పొలం మీద పోతాయి. తెలంగాణ నల్లరేగళ్లలో ఖరీఫ్ బీడు పెట్టిన సమస్యా ఇదే. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ అనే మెట్ట పంటల పరిశోధనా సంస్థ దానికి వెడల్పు మడి, కాలువ పద్ధతి రూపొందించింది. 1980లలో ఆ పద్ధతి ఇథియోపియా చేరింది. ట్రాక్టర్లు లేని చోట రెండు మరెషాలను జోడించి, సుమారు 80 సెంటీమీటర్ల మడి, 40 సెంటీమీటర్ల కాలువ వేసే పనిముట్టు తయారైంది. దాంతో ముందుగా విత్తడం వీలైంది. బరువే దాని లోపం. మేత లేక పశువులు బక్కచిక్కి ఉండే వానల ఆరంభంలోనే దాన్ని లాగాలి. పైగా రెండు ఎద్దులున్న ఇళ్లు తక్కువ.

అరకులో పసుపు పరచినట్టు పూసే వలిసెలు పుట్టింది ఇథియోపియాలోనే. అక్కడ నూగ్ అంటారు, వంటనూనె తీస్తారు. రాగి కూడా తూర్పు ఆఫ్రికా కొండల పంటే. అరబికా కాఫీ సొంత ఊరు ఇథియోపియా నైరుతి అడవి. అరకులో 900 మీటర్ల దగ్గర పండే ఆ కాఫీకి, భూమధ్యరేఖకు దగ్గరైన ఇథియోపియాలో 1,500 నుంచి 2,000 మీటర్లు కావాలి.

వేడి పైకి పాకితే

ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే ప్రతి మండలం రమారమి 150 మీటర్లు పైకి జరుగుతుంది. కొల్లా పంటలు వైనా దెగాలోకి, కాఫీ దెగాలోకి పోతాయి. దోమా పోతుంది: అడిస్‌కు దక్షిణాన దెబ్రె జెయిత్ పరిసరాల్లో వేడి ఎక్కువైన ఏళ్లలో మలేరియా మరింత ఎత్తులకు చేరినట్టు పరిశోధనల్లో తేలింది. అలవాటు లేని ఎత్తైన ఊళ్లలో జనానికి రోగనిరోధకత ఉండదు కాబట్టి అక్కడ జబ్బు ముదురుతుంది. దోమతెరలు, పరీక్ష కిట్లు కూడా పల్లపు ప్రాంతాల లెక్కనే పంపుతుంటారు.

కొత్త కాఫీ మొక్క కాపుకు మూడు నాలుగేళ్లు పడుతుంది. పై ఎత్తుల్లో ఇప్పటికే బార్లీ, గోధుమ, పశువుల బీడు ఉన్నాయి. వాటిని తీసి కాఫీ వేయాలంటే ఆ మధ్య ఏళ్లలో తిండి ఎక్కడి నుంచన్నది తేలాలి. పైగా కొండ పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది: కిందినుంచి 150 మీటర్ల పట్టీలో పోయిన నేలంత పైన అదే 150 మీటర్ల పట్టీలో దొరకదు. వుర్చ్ రైతు బార్లీకి ఆపైన జరిగే చోటే లేదు.